మోకాలికి లెక్కలు రావు

నా కుడి మోకాలు ఒకప్పుడు ఎంత గట్టిగా మూలిగేదంటే, సాలూరులో నేను మెట్టు దిగితే పక్కవీధి వాళ్ళు తలుపు తీసి "ఎవరండీ?" అనేవారు. తొంభైల చివరి సంగతి. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం ఐదు కిలోమీటర్ల పరుగుకి అప్పటికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ నాలుగో కిలోమీటరులో ఆ మోకాలు నన్ను నేలమీద కూలేసి, తను మాత్రం బూరెలా పొంగింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం. ఆ తర్వాత వయసు దాటిపోతుంది. అప్పుడు మా చిన్నాన్న పార్సిల్ ఆఫీసులో మూటల మీద ఊళ్ళ పేర్లు రాస్తూ, ఆ ఊళ్ళలో ఒక్కటీ చూడకుండానే ముసలివాణ్ణి కావాలి.

మా అక్క మొగుడు ముంచింగిపుట్టు అవతల ఒక కొండ ఊళ్ళో లెక్కల మాస్టారు. "ఇక్కడికి వచ్చెయ్. రెండు నెలలు కొండల్లో పరిగెడితే, కిందికి దిగాక నిన్ను పట్టుకోడానికి జీపు కావాలి" అని కార్డు ముక్క రాశాడు. మోకాలికి గుడ్డ చుట్టుకుని బస్సెక్కాను.

ఆ ఊరు మంచులో ఉండేది అనడం తప్పు. మంచే ఉండేది, అందులో అప్పుడప్పుడు ఊరు కనబడేది. పొద్దున్నే మా బావ పళ్ళు తోముకుని పుక్కిలించి ఊస్తే, ఆ నీళ్ళు నేలకి చేరాయో లేదో తెలిసేది కాదు. ఎనిమిదింటికి మంచు కాస్త పల్చబడి, కొండవాలంతా వలిసెపూల పసుపు మెల్లగా పైకి తేలేది. ఎవరో నిద్రలో నవ్వినట్టుండేది. ఆ పసుపు చూస్తూ నిలబడితే, ఎందుకొచ్చానో మరిచిపోయి రెండు మూడు యుగాలు గడిచిపోయేవి.

బావ మరవనిచ్చేవాడు కాదు. నల్లబల్ల మీద నా పరుగుని లెక్క కట్టాడు.

"ఐదువేల మీటర్లురా బామ్మర్దీ. అడుగు చిన్నదైతే ఎక్కువ అడుగులు. అడుగు పెద్దదైతే తక్కువ అడుగులు. తక్కువ అడుగులు వేస్తే మోకాలికి తక్కువ పని. మోకాలు అరగదు. ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలిసిపోద్ది!"

లెక్క తప్పు కాదు. మోకాలికి లెక్కలు రావు, అదొక్కటే లోపం. మర్నాటి నుంచి సంతకి పోయే దిగుడు బాటలో, ఒక్కో అడుగుకి ఒక్కో మండలం దాటేలా కాళ్ళు విసిరి పరిగెత్తాను. మడమ రాతి మీద దబ్బున పడ్డప్పుడల్లా ఆ దెబ్బ మోకాలిని పలకరించి, నడుమెక్కి, చివరి పన్ను దాకా వెళ్ళి వచ్చేది. నాలుగో రోజుకి కుంటుతున్నాను.

ఆ నాలుగో రోజు సంతరోజు. బాట పక్క రాయి మీద కూర్చుని మోకాలు పట్టుకుని ఉంటే, మంచులోంచి కిర్రు కిర్రుమని చప్పుడు వచ్చింది. దాని వెనక ఒక ముసలాయన వచ్చాడు. భుజం మీద వెదురు కావడి, దాని రెండు కొసలా వేలాడే బుట్టల నిండా గుమ్మడికాయలు. ఆయన వెనకే నెత్తిన విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టతో ఆయన ఇల్లాలు. ఇద్దరి వయసూ కలిపితే ఆ కొండకంటే రెండేళ్ళు తక్కువ ఉంటుందేమో.

"ఏటి బాబూ, ఎలుగ్గొడ్డు గాని తరుముతందేటి? నాలుగ్రోజుల కాణ్ణుంచి సూత్తన్నాను, ఒకటే పరుగు" అంది ఆవిడ.

"ఎవరూ తరమట్లేదు మామ్మా. ఉద్యోగం కోసం."

"ఉజ్జోగం తరుముతందంట!" అని మొగుడికి చేరవేసింది. "మరి అది ముందరుంటాదా, ఎనకాలుంటాదా?"

ముసలాయన నవ్వలేదు. కావడి దించకుండానే నా కాళ్ళ వంక చూశాడు. ఆయన అరికాల్లో ముల్లు గుచ్చుకున్నట్టుంది. ఒక కాలు మీద నిలబడి, రెండో కాలు పైకి మడిచి, ఒంటిచేత్తో తీరిగ్గా ముల్లు పీకి పారేశాడు. భుజం మీద అరటన్ను గుమ్మడికాయలు ఊపిరి కూడా తీసుకోలేదు. మర్యాద కోసం నేను లేచి రెండు కాళ్ళ మీదా నిలబడబోయి పడ్డాను.

"నువ్వు పరిగెట్టడం నేదు బాబూ" అన్నాడు. "కాలు ముందరకి ఇసిరీసి, దాని మీదకెళ్ళి పడతన్నావు. నీ కాలు సంతకెళ్ళిపోనాది, నువ్వింకా ఇక్కడే ఉన్నావు. మరి మద్దిన మోకాలు ఏటి సేత్తాది?"

అలా అని కావడి ఊపుకుంటూ దిగిపోయాడు. చిన్న చిన్న అడుగులు, చాలా చాలా అడుగులు. మోకాళ్ళు కొంచెం వంగి ఉన్నాయి. పాదం ఎక్కడికీ ముందు పరిగెత్తడం లేదు, సరిగ్గా ఆయన కిందే పడుతోంది. వెదురు బద్ద కిందికి ఊగి పైకి లేచేలోపు ఒక అడుగు, మళ్ళీ ఊగేలోపు ఇంకొకటి. నేను కుంటుకుంటూ వెంటబడ్డాను. అందుకోలేకపోయాను.

ఆ సాయంత్రం వాళ్ళు సంతనుంచి తిరిగొస్తుంటే బాటకి అడ్డం పడ్డాను. "తాతా, ఒక్కసారి ఇవ్వు" అన్నాను. అమ్ముడుపోని కాయలు నాలుగున్నాయి. ధీమాగా ఎత్తుకుని, బావ నేర్పిన పెద్ద అడుగొకటి వేశాను. బద్ద ఒకవైపు ఊగింది, నేను ఇంకోవైపు. వెనక బుట్ట నడ్డి మీద కొట్టింది, ముందు బుట్ట మొహం మీద. ఒక కాయ దొర్లి దొర్లి ఒరిస్సాలోకి దాటింది. ఈపాటికి దాని మనవలు ఒడియాలో మాట్లాడుతుంటారు.

మామ్మ కూలబడి నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని షరతు పెట్టింది. "రేపట్నుంచి రా. కాళీ బుట్టలెత్తుకో. కాయలు నాను ఎయ్యమన్నప్పుడే ఎయ్యాలి."

వారమంతా ఖాళీ బుట్టలతో తిరిగాను. ఊళ్ళో కుక్కలు కూడా సిగ్గుపడి మొహం తిప్పుకునేవి. రెండోవారం ఒక్కో బుట్టలో ఒక్కో కాయ. రోజూ పొద్దున్న వాళ్ళ వాకిట్లోకి వెళ్ళగానే ముసలమ్మ ఒకటే అడిగేది: "మోకాలు మాటాడిందా?"

"మాట్లాడింది."

"అయితే కాయ తీసీ."

"మాట్లాడలేదు" అంటే ఇంకోటి వేసేది. ఒకరోజు కక్కుర్తిపడి అబద్ధం చెప్పాను. ఆవిడ నా మొహం చూడలేదు, గుమ్మం దిగే కాలు చూసింది. రెండు కాయలు తీసేసింది.

మధ్యలో ముసలాయన గొంతుక్కూర్చుని చుట్ట కాల్చేవాడు. ఎదురుగా నన్నూ అలాగే కూర్చోమనేవాడు. మొదట్లో నా మడమలు నేలకి ఆనకపోయేసరికి, వెనక్కి తిరగబడి ఆకాశం చూసేవాణ్ణి. ఆ నెలలో ఆకాశంలో నేను చూడని మబ్బు లేదు. నెలరోజులకి మడమలు ఆనాయి. ఇంకో వారానికి, ఒంటికాలి మీద నిలబడి చెప్పులో రాయి దులుపుకోగలిగాను. ఆరోజు ఊరంతా తిరిగి కనబడిన ప్రతివారి ముందూ దులిపాను.

ఇంట్లో బావకి మనసు విరిగింది. "గుమ్మడికాయలు మోసేవాడికి పోలీసు ఉద్యోగం ఎవడిస్తాడ్రా? కూరగాయల శాఖ ఉందేమో కనుక్కో" అనేవాడు.

"ఊరుకోండి. వచ్చిన కొత్తలో అరుగు కూడా పాక్కుంటూ దిగేవాడు" అనేది అక్క.

చివరి వారాల్లో మంచులో ఒక్కణ్ణే కావడి ఎత్తుకుని వెళ్ళేవాణ్ణి. బాట కనబడేది కాదు, చెట్లు కనబడేవి కావు. బద్ద కిర్రుమంటుంటే కాళ్ళు వాటంతటవి చిన్నచిన్నగా పడేవి. నేను కదలడం లేదనీ, లోయే మెత్తగా నా కింద నుంచి జారిపోతోందనీ అనిపించేది. ఎక్కడో పసుపు, ఎక్కడో నీళ్ళ చప్పుడు, తడిసిన కాఫీ ఆకుల వాసన. నాకో మోకాలుందన్న సంగతే మరిచి, సంత దాటి వెళ్ళిపోయిన రోజులున్నాయి.

పరుగు రోజు వచ్చింది. జిల్లా కేంద్రంలో మైదానం చుట్టూ పన్నెండున్నర చుట్లు. బావ కంచె అవతల నిలబడ్డాడు. ఈల వేయగానే పక్కవాళ్ళు జింకల్లా ఎగిరిపోయారు. నేను భుజం మీద లేని కావడితో, కిర్రు కిర్రుమని లోపల అనుకుంటూ, బొటబొటా చిన్న అడుగులు వేశాను. మూడో చుట్టులో నన్ను దాటనివాడు లేడు. మైదానం పక్కన మేస్తున్న గేదె కూడా దాటిందని బావ ఇప్పటికీ అంటాడు.

"అడుగు పెద్దది వెయ్యరా! పెద్దది!" అని కంచె ఊపేస్తున్నాడు.

జీవితంలో మొదటిసారి లెక్కల మాస్టారి మాట వినలేదు. ఎనిమిదో చుట్టు నుంచి జింకలు ఒక్కొక్కటే నడుం పట్టుకుని పక్కకి తప్పుకున్నాయి. నాలుగో కిలోమీటరు వచ్చింది. రెండుసార్లు కూలబడ్డ దూరం. గుండె మోకాల్లోకి దిగి అక్కడ కొట్టుకుంది. అడుగు ఇంకా చిన్నది చేశాను. పాదం నా కిందే పడుతోందా? పడుతోంది. మళ్ళీ? పడుతోంది. అలా ఒక్కో అడుగునీ అడుగుతూ అడుగుతూ గీత దాటాను.

దాటి ఆగలేదు.

"అయిపోయిందయ్యా! టైములోనే వచ్చావు, ఆగు!" అని గడియారం పట్టుకున్నాయన వెంటబడ్డాడు. ఆగితే నొప్పి దొరకబుచ్చుకుంటుందని భయం. ఇంకో సగం చుట్టు అలాగే వెళ్ళి, గేదె దగ్గర నెమ్మదించి, నిలబడ్డాను. బస్సు కోసం చూసినట్టు నొప్పి కోసం చూశాను. ఊపిరి కుదుటపడింది. చెమట ఆరింది. బావ కంచె దూకి, పంచె చింపుకుని, పరుగున వచ్చి నా మోకాలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏరా?" అన్నాడు.

"ఇంకా రాలేదు బావా" అన్నాను.

ఇద్దరం మరికాసేపు చూశాం.