ఓటు లేని ప్రయాణికురాలు

పెందుర్తిలో ఎక్కిన సిటీ బస్సులో ఒక పిల్లకి రాజ్యాంగం గురించి అరగంట చెప్పి, లేచి సీటిచ్చానని నలభై ఏళ్లుగా అందరికీ చెప్పుకుంటున్నాను. బస్సంతా చప్పట్లు కొట్టిందని కూడా అంటుంటాను. ఆ చప్పట్లు నేను కల్పించినవే. మిగతాదీ ఇవాళ ఒప్పేసుకుంటాను.

‘స్త్రీలకు’ అని రాసి ఉన్న సీట్లో దర్జాగా కూర్చున్నాను. ఖాళీ చేపల బుట్ట చంకన పెట్టుకుని, ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె వచ్చి నా ఎదుట నిలబడింది.

“బాబూ, ఇది ఆడోల్ల సీటు. లెగండి.”

“స్త్రీలంటే పెద్దవాళ్లు. నువ్వింకా పిల్లవే కదా! రాజ్యాంగంలో హక్కులన్నీ ఓటొచ్చాకే. ఇరవై ఒక్కేళ్లు రానీ.”

కండక్టరు నవ్వాడు. “లాయరు గారికే ఎదురు సెప్తన్నావేటే?”

నేను లాయర్ని కాదు, పోర్టులో గుమాస్తాని. అయినా కాదనలేదు.

పిల్ల బుట్టని రెండో చంకకి మార్చుకుంది. “అందాకా నా కాల్లు నొప్పెట్టవేటి, బాబూ?”

వెక్కిరింపు కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. పెద్దవాళ్లెవరూ నన్నలా అడగలేదు. కిటికీ వైపు తిరిగి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సీట్లోంచి లేచిన మాట నిజమే. నా స్టాపు వచ్చాక లేచాను. ఆ పిల్ల నిలబడే వచ్చి, అంతకుముందే జాలరిపేటలో దిగి వెళ్లిపోయింది.