ముత్యాలు వేసిన సీలు

గంజాం షెడ్డులో పదిహేనేళ్ళు రొయ్యలు వలిచాక ముత్యాలుకు సీలు వేసే పని ఇచ్చారు. విమానంలో వెళ్ళే ప్రతి రొయ్యల పెట్టెనూ లోపలంతా చూసి, సీలు వేసి, పుస్తకంలో వేలిముద్ర పెట్టాలి.

ఆ రోజు యజమాని బావమరిది వైకుంఠరావు ఒక పెట్టె సీలు కోసేసి, ఢిల్లీ చుట్టాలకని మొగలి అత్తరు సీసా లోపలి మంచులో దూర్చాడు. నిప్పు తగిలితే భగ్గుమనే సరుకది.

“మనోళ్ళకే కదా పిన్నీ, మళ్ళీ సీలెయ్యి,” అన్నాడు నవ్వుతూ.

ముత్యాలుకు ఒళ్ళు మండిపోయింది. “ఇమానం అంటుకుంటే మనోళ్ళెవరో సూసి మంట ఒగ్గేస్తాదేటి? పుస్తకంలో ఏలిముద్ర నాది బాబూ, నీది కాదు.”

“రేపట్నుంచి పనిలోకి రాకు.”

“రాను. ఇయ్యాల్టి పని ఇంకా అవలేదు.”

ఆ పెట్టెను పక్కకు ఈడ్చి దానిమీద కూర్చుంది. మిగతా పెట్టెలతో వ్యాను భువనేశ్వర్ దారి పట్టేదాకా లేవలేదు.