పగిలిన పప్పు యాడ ఏసేది?

2004 ఏప్రిల్. అనంతపురంలో ఒక ఆసుపత్రిలో నేను డైటీషియన్‌గా చేరి అప్పటికి ఐదేళ్లు. రోగి ఏం తినాలో, ఎంత తినాలో, ఏది ముట్టకూడదో చెప్పడం నా పని. డైటీషియన్ అనే మాట మా జనానికి నోరు తిరగదు కాబట్టి నన్ను "తిండి మేడం" అనేవాళ్లు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత ఎంత అలవాటైపోయిందంటే, ఫోనెత్తి నేనే "తిండి మేడం మాట్లాడతాండా" అనేసేదాన్ని. నా గది సర్జికల్ ఓపీని ఆనుకుని ఉండేది. ఒక బల్ల, ఒక బరువు మిషను, గోడకు పండ్ల బొమ్మల చార్టు. ఆ చార్టులో ఉన్న పండ్లలో సగం మా వైపు కంటికి కూడా కనపడేవి కావు.

నా గురించి రెండు సంగతులు ముందే ఒప్పేసుకుంటాను. ఒకటి, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండు, రోజూ పొద్దున డ్యూటీకి వచ్చే ముందు బస్టాండు పక్కన బండి దగ్గర ఉగ్గాని, అంటే బొరుగుల ఉప్మా, దాంతో మిరపకాయ బజ్జీలు లాగించి, మూతి తుడుచుకుని వచ్చి, నూనె వస్తువులు మానేయండని అందరికీ నీతులు చెప్పేదాన్ని.

ఓబుళమ్మది శింగనమల దగ్గర పల్లె. నలభై ఎనిమిదేళ్లుంటాయి. ఎనిమిదేళ్ల కిందట గర్భసంచి తీయించుకుందట. ఆ కుట్ల దగ్గర ఇప్పుడు కొబ్బరికాయంత ఉబ్బు. దీన్ని ఇన్సిషనల్ హెర్నియా అంటాం. పాత ఆపరేషన్ కోత దగ్గర కండ బలహీనపడి, లోపలి పేగు బయటికి తోసుకురావడం. మా సర్జన్ గారు ఆమెను మిషను ఎక్కించి చూశారు. ఎనభై ఆరు కేజీలు.

"పది కేజీలు తగ్గితేనే నేను కత్తి పట్టుకునేది," అన్నారాయన. "ఇప్పుడు కుట్టినా ఈ కొవ్వు బరువుకు మళ్లీ పిగులుతాది. తగ్గకుండా ఇట్లే తిరిగినావంటే ఎప్పుడో ఒకనాడు పేగు ఇరుక్కుంటాది. అప్పుడు ప్రాణం మీదికే వస్తాది."

ఆ మాట విని ఆమె భయపడుతుందనుకున్నాను. నా గదిలోకి వచ్చి కూర్చున్నాక ఆమె చెప్పిన బాధ వేరు.

"ప్రాణం సంగతి దేవుడెరుగు మేడం. గొర్రు ఎనక నడిచి రెండేండ్లాయె."

మా వైపు బుడ్డలు, అంటే వేరుశెనగ, విత్తేటప్పుడు ఎద్దులు గొర్రు లాగుతుంటే, దాని వెనక ఒక ఆడమనిషి నడుస్తూ గొట్టంలోకి విత్తనం వదులుతుంది. చెయ్యి ఆగితే సాలులో సందు పడుతుంది. చెయ్యి ఎక్కువైతే విత్తనం వృథా. వానొచ్చిన రెండు మూడు రోజుల్లోనే ఆ పని అయిపోవాలి. చెయ్యి కుదిరిన మనిషిని ఊరంతా పిలుస్తుంది. ఆ ఊళ్లో ఆ చెయ్యి ఓబుళమ్మది. రెండేళ్లుగా ఆమె గట్టు మీద కూర్చుని వేరేవాళ్లు వదిలిన సందులు చూస్తూ ఉంది.

నేను డైట్ రీకాల్ మొదలుపెట్టాను. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా తిన్నదంతా రోగి చేతే గుర్తు చేయించి రాసుకునే పద్ధతి అది.

"పొద్దున ఒక ముద్ద సంగటి, ఊరిబిండి. మధ్యాన్నం ఇంత అన్నం, పప్పు. రాత్రికి మజ్జిగ పోసుకుని రెండు ముద్దలు. ఇంగేముండాది?"

ఇంత తిని ఎనభై ఆరు కేజీలా అని నాకు అప్పుడే అనుమానం. అయినా సంగటి సగం చేసి, ఊరిబిండి అనే ఆ బుడ్డల పచ్చడి తగ్గించి, చార్టు రాసిచ్చాను. పదిహేను రోజుల తర్వాత వచ్చింది. ఎనభై ఆరు. ఇంకో పదిహేను రోజులకు ఎనభై ఆరున్నర. నా కోపం కట్టలు తెంచుకుంది. గది తలుపు తీసే ఉంది, బయట బెంచీల నిండా జనం.

"నాకైతే అబద్ధాలు చెప్తావు. మిషనుకు ఎట్లా చెప్తావమ్మా?"

ఓబుళమ్మ మిషను దిగి, కొంగు సర్దుకుని నా ముఖంలోకి చూసింది.

"తినింటే తినినా అని చెప్పనా మేడం? నీకు దడిసి దాచేదాన్నా? అబద్ధమనేది మా ఇంటా వంటా లేదు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చీటీ బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు, అయినా తప్పు నాదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

జూన్ మొదట్లో మళ్లీ వచ్చింది. సర్జన్ గారి కోసం వచ్చిందే గానీ నా కోసం కాదు. ఆ రోజు ఓపీ కిటకిటలాడుతోంది. నా కిటికీలోంచి చూస్తే, ఎదురు బెంచీ మీద ఓబుళమ్మ. ఒళ్లో బుడ్డల సంచి. విత్తే అదును దగ్గరపడింది. మిషనులో ఆడిస్తే విత్తనం దెబ్బతింటుందని ఆ రోజుల్లో ఇంటింటా చేత్తోనే ఒలిచేవాళ్లు. ఆసుపత్రిలో కూర్చునే పొద్దు ఎందుకు పోగొట్టుకోవాలని పని వెంట తెచ్చుకుంది.

బొటనవేలితో కాయ నొక్కుతోంది, టప్‌మని విచ్చుకుంటోంది. నిండు విత్తనాలు ఒక గుడ్డసంచిలోకి. పొట్టు ఇంకో సంచిలోకి. పగిలిన పప్పు మాత్రం నోట్లోకి. పక్కామెతో మాట్లాడుతూనే ఉంది, చేతి వైపు చూడను కూడా చూడటం లేదు. నేను గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను. పావుగంటలో ముప్పై ఒక్కసార్లు ఆ చెయ్యి నోటి దాకా వెళ్లింది.

బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఓబుళమ్మా, ఏం తింటాండావు?"

"ఏమీ తినల్యా మేడం. ఇత్తనాలు ఒలుస్తాండా."

"మరి నోట్లో?"

"నోట్లోనా?" దవడ ఆగిపోయింది. "ఇవా? ఇవి పగిలినవి. దీన్ని తినడమంటారా ఏంది? ఒలిచేటప్పుడు అట్లా నోట్లో ఏసుకుంటాం."

"రోజూ ఒలుస్తావా?"

"ఎండాకాలమంతా ఇదే పని కదా. మావి అయినాంక కూలికి ఒలుస్తా." ఆమె సంచి వైపు చూసింది, నా వైపు చూసింది. "పగిలింది మొలకెత్తదు మేడం. ఇత్తనంలో కలిపితే సాలు పాడు. పారేస్తే పాపం. మరి పగిలిన పప్పు యాడ ఏసేది?"

నాకు సిగ్గుతో తల దించుకోవాలనిపించింది. ఆమె నిజమే చెప్పింది, ఒక్క ముక్క దాచలేదు. కంచంలో పెట్టుకున్నదే ఆమెకు తిండి. నేను ఏం తిన్నావని అడిగాను, ఆమె తిన్నది చెప్పింది. ఆ బెంచీ మీదే, అందరి ముందూ, నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అబద్ధం నీది కాదమ్మా. అడగడం రాకపోయింది నాకే. తప్పయిపోయింది."

"పోనీలే మేడం," అంది. "చదువుకున్నోళ్లకు బుడ్డలు ఒలిచేది యాడ తెలుస్తాది?"

మా వృత్తిలో ట్రిగ్గర్ ఫుడ్ అనే మాట ఉంది. ఒకటి నోట్లో పడితే ఇక చెయ్యి ఆగని వస్తువు. ఆ సంగతి వివరిస్తే ఓబుళమ్మ నాకంటే బాగా చెప్పింది. "చెయ్యి పోతాది, నోరు తెరుచుకుంటాది. మధ్యలో నన్నెవురూ అడగరు మేడం."

ఒలవడం మానేయమంటే కుదరదు. నోటికి గుడ్డ కట్టుకుని ఒలవమన్నాను. రెండు రోజులు కట్టుకుంది. "ఏమక్కా, యాడికి కన్నమేయను పోతాండావు?" అని వాకిట్లో ఆడవాళ్లు ఒకటే నవ్వులట. విప్పి పారేసింది. నా దగ్గర ఇక ఉపాయాలు అయిపోయాయి.

ఉపాయం ఓబుళమ్మే కనిపెట్టింది. తర్వాతి వారం సంచిలోంచి ఒక పాత రేకు డబ్బా తీసి నా బల్ల మీద పెట్టింది. మూతకు వేలెడంత చీలిక. ముందు వైపు సున్నంతో, కుంకుమతో మూడు నామాలు.

"ఇదేంది?"

"ముడుపు డబ్బా. పగిలిన దానికి చోటు లేకనే కదా నోట్లోకి పోతాండేది? చోటు చూపించినా. కదిరి నరసింహస్వామికని ఏసినాంక మళ్లీ నోట్లో ఏసుకుంటే కండ్లు పోవా?"

నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి మందు ఎక్కడా లేదు. పిల్లల వార్డులో పసిబిడ్డలను తూచే త్రాసు తెప్పించి డబ్బాలో పప్పులు తూచాను. వారానికి ముప్పావు కేజీ. అదంతా ఇన్నాళ్లూ నోట్లో వేసుకున్నదే. ఓబుళమ్మ ఆ ముల్లు వైపు చూసి "అబ్బ! ఇదంతా నా పొట్టలోకి పోయిందా?" అని బుగ్గలు నొక్కుకుంది. తర్వాత మిషను ఎక్కింది. ఎనభై ఐదు. మొదటిసారి ముల్లు కిందికి దిగింది. ఇద్దరం ఒకేసారి అరిచాం. పక్క గదిలోంచి సర్జన్ గారు ఎవరికేమైందోనని పరుగెత్తుకొచ్చారు.

డబ్బా నిండినప్పుడల్లా గుడి దగ్గర పిల్లలకు పంచేది. ఒలిచే కాలం అయిపోయినా డబ్బా అటక ఎక్కలేదు. వంట చేస్తూ నోట్లో వేసుకునే బొరుగులు, పుట్నాలు, బెల్లం ముక్క, అన్నీ అందులోకే. విత్తే రోజుల్లో మాత్రం గట్టు మీదే కూర్చుంది. సెప్టెంబరుకు డెబ్బై తొమ్మిది.

అసలు పరీక్ష పంట పీకినప్పుడు వచ్చింది. పచ్చి బుడ్డలు ఉప్పేసి ఉడకబెట్టి చేలోనే చాటలో కుప్ప పోస్తే, ఆవిరి వాసనకు మునులైనా కూర్చుని తింటారు. ఆ నెల వచ్చినప్పుడు మిషను ఎక్కకముందే చేతులు కట్టుకుని నిలబడింది.

"ముందే చెప్తాండా మేడం. మొన్న చాటెడు ఏసుకున్నా. డబ్బా ఇంట్లో మరిచి పోయినా."

కేజీన్నర పెరిగింది. పాత నేనైతే గది దద్దరిల్లేది. ఆ రోజు అంకె మాత్రం రాసుకున్నాను. కావలసిన మాట ఆమే అనేసింది. "రేపట్నించి డబ్బా కూడా చేనికి వస్తాది."

డిసెంబరులో డెబ్బై ఐదున్నర. సర్జన్ గారు రెండుసార్లు మిషను ఎక్కించి చూసి, నవ్వి, ఆపరేషన్ తారీకు రాశారు. లోపల మెష్ పెట్టి, అంటే బలహీనపడిన కండకు ఆసరాగా వల లాంటిది కుట్టి, ఉబ్బు సరిచేశారు. ఏడో రోజు ఆమె తన కాళ్ల మీద నడుచుకుంటూ నా గదికి వచ్చింది.

ఆ నెలలోనే నేను రీకాల్ కాగితం మార్చి రాయించాను. "ఏం తిన్నారు?" అనే ప్రశ్న కింద "నోట్లో ఏమేమి వేసుకున్నారు?" అని ఇంకోటి చేర్చాను. ఆ తర్వాత ఎందరి బరువు చిక్కు ఆ రెండో ప్రశ్న దగ్గర వీడిపోయిందో చెప్పలేను. రోగి అబద్ధం చెప్తున్నాడని నాకు అనిపించినప్పుడల్లా, ముందు నా ప్రశ్నను అనుమానించడం నేర్చుకున్నాను.

మరుసటి ఏడు వాన పడగానే కబురొచ్చింది. ఆదివారం బస్సెక్కి వెళ్లాను. ఎర్రటి తడి నేలలో ఎద్దుల వెనక గొర్రు, గొర్రు వెనక ఓబుళమ్మ, ఒడి నిండా విత్తనం. చేను చివర దాకా నడిచి, తిరిగి వచ్చి, నా ముందు ఆగింది. ఆయాసం లేదు. ముఖం వెలిగిపోతోంది.

"మేడం, పొద్దున్నించి నోట్లో ఏమేమి ఏసుకున్నావు?"

"ఉగ్గాని," అన్నాను. "రెండు బజ్జీలు."

ఆమె కదలకుండా చూసింది.

"నాలుగు," అన్నాను. చేనంతా ఘొల్లుమంది. ఆ సాయంత్రం బస్సెక్కేటప్పుడు నా చేతిలో మూడు నామాల డబ్బా ఒకటి ఉంది.

పన్నెండు రోజులకు మొలకలు చూడటానికి మళ్లీ వెళ్లాను. సాలు వెంట సాలు, ఎక్కడా సందు లేదు. ఓబుళమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చేనంతా ఒకసారి చూపించింది.

"చూసుకో మేడం. పగిలింది ఒక్కటన్నా పడిందా?"