మసి చేతులూ చైనా పెన్నూ

నిన్న పొద్దున కొరియర్ అతను ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టి వెళ్ళాడు. అందులో ఐదు చైనా ఇంకు పెన్నులు, ఒక్కోటి ఒక్కో రంగు, అన్నీ కలిపినా మన తరం వాళ్ళు పండక్కి కొనే చొక్కా గుడ్డ ఖరీదు కూడా చేయవు. అప్పటికే బీరువా సొరుగులో పంతొమ్మిది ఉన్నాయి. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "మల్ల పెన్నులేనా? నువ్వు రాసేది గ్యాసుబండ చీటి మీద ఒక్క సంతకం. దానికి ఇరవై నాలుగు పెన్నులా?" అన్నది. కలాలు పెరిగేకొద్దీ కాలం తరుగుతున్నది కదా అని నేనేదో చమత్కరించబోయేసరికి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా చమత్కారాలకు మా ఇంట్లో ఎప్పుడూ అంతే గిరాకీ.

పెన్నులు వచ్చాక ఎవరైనా ఊరుకుంటారా? సిరాబుడ్డి తీసి, ఒకదాంట్లో నింపి, దినపత్రిక అంచు మీద పాళీ ఆనించాను. మన తరం వాళ్ళం కొత్త పెన్ను దొరికితే ముందు ఒక 'శ్రీ' చుట్టేవాళ్ళం, లేదంటే పేరు రాసుకుని మురిసిపోయేవాళ్ళం. నా చెయ్యి మాత్రం నన్ను అడగకుండానే "పైకప్పు భద్రం, గాలి సరిగా ఉన్నది" అని రాసి, కింద పొట్టి సంతకం కూడా గీకేసింది. రెండో పెన్ను తీశాను, అదే వాక్యం. మూడోదీ అంతే. కుర్చీలో కూర్చోబుద్ధి కాక లేచి వాకిట్లోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో తెలియక లోపలికి వచ్చాను, చల్లారిన చాయ్ మళ్ళీ వేడి చేయించుకుని మళ్ళీ చల్లారబెట్టాను. రిటైరై ఇన్నేళ్ళయినా నా చేతికి ఎవరూ రిటైర్మెంటు కాగితం ఇచ్చినట్టు లేదు.

నేను గోదావరిఖనిలో బొగ్గుగనిలో సర్దారుగా పనిచేశాను. మా వైపు గనిని బాయి అనే అంటారు. సర్దారు అనే పేరులో ఉన్నంత దర్జా ఆ పనిలో ఉండదు. షిఫ్టు మొదలుకాగానే అందరికంటే ముందు లోపలికి నడిచి, పొడుగాటి కర్రతో పైకప్పును తట్టి చూడాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులైన కప్పు డొల్లగా పలుకుతుంది. గాలి ఆడుతున్నదో లేదో చూసి, పని చేసుకోవచ్చునని జనానికి చెప్పాలి. షిఫ్టు అయ్యాక పైకి వచ్చి, ఆఫీసులో ఉండే రిపోర్టు బుక్కులో చూసిందంతా రాసి సంతకం పెట్టాలి. కింద కర్ర, పైన కలం, ఇంతే నా ఉద్యోగం.

ఆ ఉద్యోగపు మొదటి జీతంతో కొన్నది ఒక చైనా పెన్ను. చౌరస్తా దగ్గర ఫ్యాన్సీ దుకాణం నడిపే చాచా దాన్ని గుడ్డతో తుడిచి చేతికిస్తూ, "గ్యారంటీ నక్కో పూఛో బేటా, అడగొద్దు, రాసి చూడు" అన్నాడు. ముదురు ఎరుపు ఒళ్ళు, బంగారు రంగు మూత. పాళీ మొత్తం లోపల దాక్కుని, గూట్లోంచి తొంగిచూసే పిట్ట ముక్కులా కొస మాత్రం కనిపించేది. వెనక మర విప్పితే రబ్బరు గొట్టం, దాన్ని నొక్కే సన్నని రేకు. సిరాలో ముంచి నాలుగుసార్లు నొక్కితే గుడగుడమని నిండేది. నాటు పెన్నులు జేబులో కక్కి కక్కి నా చొక్కాలన్నింటికీ నీలి గుండెకాయలు మొలిపించిన రోజుల్లో, ఒక్క చుక్క కూడా వదలని ఆ పెన్ను నాకు పెళ్ళికి ముందు దొరికిన పట్టపురాణి.

రాణిగారికి ఒక్కటే పడదు, బొగ్గుమసి. రెండో వారమే, షిఫ్టు దిగి చెమటతో మసితో ఉన్న వేళ్ళతో రిపోర్టు రాస్తే, దుమ్ము పాళీ గొంతులోకి పోయి అడ్డం పడింది. ఆదివారమంతా గోరువెచ్చని నీళ్ళ గ్లాసులో నానబెట్టి సేవలు చేశాను. పైగా ఆ రోజు పేజీ మీద నా అయిదు వేళ్ళూ అచ్చుపడితే, మేనేజరు సాబు అందరి ముందూ బుక్కు ఎత్తి చూపించి, "ఇది రిపోర్టా, రొట్టెలు కాల్చే పెంకా?" అన్నారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను గానీ ఆ మాట వారం దాకా లోపల మంటపెట్టింది.

అప్పుడు కనిపెట్టాను నా గొప్ప ఉపాయం. అరగంట ముందే ఆఫీసుకు వెళ్ళి, ఇంకా తెల్లగా ఉన్న చేతులతో, ఆ రోజు షిఫ్టు రిపోర్టు షిఫ్టుకు ముందే రాసేయడం. "పైకప్పు భద్రం, గాలి సరిగా ఉన్నది." ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క మరక లేదు. కింద ఏదైనా తేడా ఉంటే వచ్చాక చేర్చవచ్చునని రెండు గీతలు ఖాళీగా వదిలేవాణ్ణి. కానీ ఆ ఖాళీ నింపాల్సిన రోజు రాలేదు. లేదా వచ్చిందని నేను అనుకోలేదు. నెల తిరిగేసరికి మేనేజరు సాబు నా పేజీలు తక్కిన సర్దార్లకు చూపించి, రాస్తే ఇట్లా రాయాలని మెచ్చుకున్నారు.

ఈ సంగతి బాయి మొత్తానికి తెలుసు, సాబుకు తప్ప. అందరికంటే ఎక్కువ తెలిసింది మా కాకకు. మా నాన్నా ఆయనా ఒకే ఊరి నుంచి వచ్చి ఒకే రోజు బాయిలో చేరారట. అలా వరస కలిసింది. కప్పు కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టే టింబర్ పని ఆయనది. అక్షరం ముక్క రాదు గానీ పైకప్పును మాత్రం పెద్దబాలశిక్షలా చదివేవాడు. పొద్దున్నే నేను పెన్ను మూత పెడుతుంటే కిటికీలోంచి తలపెట్టి, "ఏంది సర్దారూ, బాయిల దిగకముందే బాయంత చూసొచ్చినవా? దుర్బిన్ గిట్ల ఉన్నదా నీ తాన?" అని ఎగతాళి చేసేవాడు. చైనా వాళ్ళ పెన్ను కదా కాకా, అటుపక్క నుంచి కూడా కనిపిస్తుందిలే అని నేను జవాబు చెప్పేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఒక వానాకాలం, మొదటి షిఫ్టు. నాలుగు దారులు కలిసే చోట కాక కర్రతో కప్పును తట్టి ఆగిపోయాడు. మళ్ళీ తట్టాడు. "కొడుకా, ఇది డొల్ల పలుకుతున్నది. జనాన్ని ఆవలికి తోలు" అన్నాడు. నాకూ వినిపించింది. విన్నాను కూడా. కానీ జనాన్ని తీసేస్తే ఆ చోటు మూసినట్టు రాయాలి. రాయాలంటే పైన పొద్దున్నే ముత్యాల్లా పేర్చిన 'భద్రం' కొట్టేయాలి. కొట్టేసిన పేజీ సాబు చూస్తారు. ఇదంతా నా బుర్రలో తిరగడానికి పట్టింది రెండు క్షణాలే. నాలుగు దిమ్మెలు పెట్టు కాకా, సరిపోతుంది అన్నాను. ఆయన నా ముఖంలోకి టోపీ లైటు కొట్టి ఒకసారి చూసి, దిమ్మె ఎత్తుకున్నాడు. మూడో దిమ్మె నిలబెడుతుండగా కప్పు దిగింది. తక్కినవాళ్ళు చప్పుడు విని దూకేశారు. కాక కుడి కాలు మోకాలి కింద నుంచి రాతి కిందే ఉండిపోయింది.

స్ట్రెచరు మీద పైకి తెచ్చి దవాఖానకు తీసుకుపోయేదాకా నేను ఆయన చెయ్యి వదల్లేదు. నొప్పికి పళ్ళు బిగబట్టుకుని కూడా ఆయన అడిగింది ఒక్కటే. "నేను డొల్ల అన్న ముచ్చట బుక్కుల రాసినవా కొడుకా?"

ఆయన అడిగింది ఊరికే కాదు. బాయిలో దెబ్బ తగిలితే ముందు తెరిచేది ఆ బుక్కునే. అందులో కప్పు భద్రమని ఉంటే, ఆ తప్పు దిమ్మె సరిగా పెట్టనివాడిదే అవుతుంది. విచారణ, చార్జిషీటు, చివరికి నౌకరీకే ఎసరు. కాలు పోయిన మనిషికి పేరు కూడా పోతుంది. ఇది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

"రాసిన కాకా" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను బయటికి వచ్చి, దొరికిన ఆటోలో వేలాడుతూ బాయి దగ్గరికి పరుగెత్తాను. అందరూ దవాఖాన దగ్గరే ఉన్నారు, ఆఫీసు ఖాళీ. బల్ల మీద బుక్కు, పొద్దున నేను తెరిచిపెట్టిన పేజీ, కింద రెండు ఖాళీ గీతలు. పెన్ను మూత తీసి ఆనిస్తే రాయలేదు. నా వేళ్ళ మసి మొత్తం దాని గొంతులో ఉన్నది. మంచినీళ్ళ కుండలో ముంచాను, విదిలించాను, నాలుక మీద పెట్టి చూశాను, దాన్ని తిట్టాను, బతిమాలాను. ఎవరో వస్తున్నట్టు చెప్పుల చప్పుడు వినిపించి కిటికీ దగ్గరికి పోయి మళ్ళీ వచ్చాను. చివరికి ఒక పెద్ద చుక్క టప్పున పేజీ మీద పడి, దాని వెనక సిరా కదిలింది. "టింబర్‌మన్ ఈ చోట కప్పు డొల్లగా ఉన్నదని, జనాన్ని తీయమని తెలిపినాడు. నేను తీయక దిమ్మెలు పెట్టమంటిని." అంతే రాశాను. పైన ఉన్న 'భద్రం' కొట్టేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

విచారణలో సాబు, పైన భద్రం కింద డొల్ల, ఇదేమిటని అడిగారు. షిఫ్టు మొదట్లో భద్రమే సార్, తర్వాత మారిందన్నాను. బాయిలో కప్పు గంట గంటకు మారుతుంది కాబట్టి నమ్మారు. జనాన్ని తీయనందుకు నాకు మూడు నెలలు సర్దారు పని ఆపారు. కాక మీద ఏ తప్పూ లేదని రాసి, గాయం మానాక పైన ల్యాంపు రూములో పని ఇచ్చారు. ఎప్పుడు రాశావని నన్ను ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కాక చేతి మీదుగానే టోపీ లైటు తీసుకుని దిగాను. ఒకరోజు లైటు ఇస్తూ, చుట్టూ ఎవరూ లేరని చూసి, "కొడుకా, ఆనాడు నేనడిగినప్పుడు నీ చేతులు మసిగున్నయి. మసి చేతుల్తోని నువ్వు ఆ పెన్ను ముట్టవని బాయంత తెల్సు" అన్నాడు. నేను లైటు టోపీకి తగిలించుకున్నాను. "ఎప్పుడు రాసినవో నేనడుగ. రాసినవ్, గది చాలు. పో, టైమైతున్నది" అని వెనక ఉన్నవాడిని పిలిచాడు. ఆయన అక్కడితో వదిలేశాడు. నాకు మాత్రం అది ఇప్పటికీ చాలలేదు.

అప్పటి నుంచి రిపోర్టు షిఫ్టు దిగాకే రాశాను, మసి చేతులతోనే, అయిదు వేళ్ళూ అచ్చుపడేటట్టు. ఏ పెన్నయినా ఏడాది తిరగకుండానే గొంతు పూడిపోయేది, మళ్ళీ చాచా దుకాణానికి పోయి ఇంకో చైనా పెన్ను తెచ్చుకునేవాణ్ణి. ఖరీదైనవి కొని ఆ పాపం మూటగట్టుకోవడం ఎందుకు? నేను పెన్నులు కూడబెట్టానని మా వాళ్ళు అనుకుంటారు గానీ, నిజానికి అవి పోగుపడ్డాయి.

ఇప్పుడు ఆ బాయి మూసేశారు. కాక పోయి కూడా చాలా కాలమైంది. పక్కనే తవ్విన ఓపెన్‌కాస్టులో పైకప్పు అనేదే లేదు, ఉన్నదల్లా ఆకాశం. మట్టిగోడలు నిలిచాయో లేదో చూసే పని మా మేనల్లుడిది. వాడి చేతిలో పలకంత ఫోను ఉంటుంది. వేలితో తాకితే రిపోర్టు పోతుంది, పోయిన గంటా నిమిషమూ వాటంతట అవే పడతాయి. ముందుగా రాయడానికీ లేదు, వెనక చేర్చడానికీ లేదు. ఆనాడు అదే ఉంటే కాక కాలు దక్కేదని నాలో సగం అంటుంది. అదే ఉంటే కాక పేరు దక్కేది కాదని మిగిలిన సగం అంటుంది. ఈ రెండు సగాలకూ ఇన్నేళ్ళుగా రాజీ కుదరలేదు.

మొన్న వాడు ఇంటికి వచ్చినప్పుడు, పనివాళ్ళలో ఎవరైనా ఈ గోడ బాగాలేదని చెబితే, ఆ మాట రాయడానికి అందులో చోటుందా అని అడిగాను. వాడు అటూ ఇటూ వేలితో జరిపి చూసి, "గట్లాంటిది లేదు మామా. సేఫ్, నాట్ సేఫ్, రెండే బటన్లు" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, చాయ్ తాగి డ్యూటీకి వెళ్ళిపోయాడు. చదువురాని మనిషి ఒకడు తాను చెప్పింది రాశావా అని ఇప్పుడు అడగాలనుకుంటే ఎవరి ముఖంలోకి చూసి అడుగుతాడో, అప్పటి నుంచీ ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు.