ఉరుముకు రెండు చేతులు

మా నాయనకు కుడిచెయ్యి పడిపోయిన ఏడే మా ఊళ్ళో ఉరుము మూగబోయింది. ఉరుము అంటే రెండు వైపులా తోలు బిగించిన వాద్యం. ఎడమ మొహాన్ని పుల్లతో కొడతారు. కుడి మొహానికి ఆముదం రాసి, వంకరపుల్లను అదిమిపెట్టి రుద్దుతారు. అలా రుద్దితేనే దూరాన మబ్బు మూలిగినట్టు ఆ శబ్దం వస్తుంది. తర్లుపాడు, కొనకనమిట్ల వైపు ఊళ్ళలో అప్పటికే వాయించేవాళ్ళు లేకుండా పోయారు. జాతరలకు దర్శి నుంచి బ్యాండు మేళాన్ని పిలిపించుకుంటున్నారు. ఎర్రకోట్లు, తళతళలాడే బాకాలు. నాకూ ముచ్చటగానే ఉండేది, అబద్ధమెందుకు.

గంగమ్మ జాతరలో ఉరుము వాయించినందుకు మాకు రెండెకరాల మాన్యం ఉండేది. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని. ఆ రెండెకరాల జొన్నలే మా ఇద్దరి తిండి. రెండు జాతరలు ఉరుము లేకుండానే గడిచాక, గ్రామ మునసబు మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఈ తూరి గూడా మోగకపోతే నేను పైకి రాయాల్సిందే. వాయించనోడికి మాన్యం ఏందిరా?" అన్నాడు.

ఆయన వెళ్ళగానే, "నేను రుద్దుతా, నువ్వు ఎడమచేత్తో కొట్టు నాయనా" అన్నాను. ఆడది ఉరుము ముట్టుకోవడమేందని నాయన ఒక పూట అన్నం మానేశాడు. రెండో పూటకు ఆకలి గెలిచింది. చూరుకు వేలాడదీసిన ఉరుమును దించమన్నాడు.

మూడు నెలలు నేర్పాడు. నేర్పడమంటే నేను రుద్దడం, ఆయన "కాదు" అనడం. ఎందుకు కాదో చెప్పడు. పగలంతా మార్కాపురంలో రాతి పలకల్ని అరగదీసి నునుపు చేసే కూలికి పోయి, వచ్చాక ఈ "కాదు"లు వినాలి. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "నాకు తెలిసింది పలక పని. అట్లనే రుద్దుతా, పగిలితే పగలనీ" అని మణికట్టును వదిలేసి, భుజం బరువంతా పుల్ల మీద పెట్టి నెట్టాను. ఉరుము మూలిగింది. ఆ పూట నాయన "కాదు" అనలేదు. మా నాయన దగ్గర మెచ్చుకోలంటే అంతే.

ఎడమ మొహం కూడా నేర్పమని అడిగితే మాత్రం కసురుకున్నాడు. "అది నా పని. నీకెందుకు?"

జాతర రోజు మధ్యాహ్నం ఉరుమును మెడకు తగిలించుకుని గుడి ముందు నిలబడ్డాను. ఎడమ పక్కన నాయన, చేతిలో పుల్ల. బ్యాండు వాళ్ళు బాకాలు చంకన పెట్టుకుని మేమెప్పుడు చెడతామా అని చూస్తున్నారు. పచ్చిగా చెప్పాలంటే, పారిపోవాలనిపించింది.

మునసబు దగ్గరికొచ్చి నాయనతో అన్నాడు. "ఒక్క ఉరుముకు ఇద్దరా? రేపు నువ్వు పోతే మళ్ళా మూగే గదా. సగం వాయించేదాని పేరున మాన్యం ఎట్ల రాయాల?"

నాయన పుల్ల ఎత్తాడు. కొట్టడం మొదలుపెట్టాడు. నేను రుద్దాను. అమ్మవారి మీద పట్టిన తెర తీసేదాకా దెబ్బ ఆగకూడదు, అది ఆచారం. గొర్రెల మందలవాళ్ళు పొట్టేలును పట్టుకొచ్చి నిలబెట్టారు. తెర ఇంకా కదలలేదు. అప్పుడే నాయన చేతిలోంచి పుల్ల కిందపడింది.

ఆ చెయ్యి కూడా పోయిందనుకున్నాను. వంగి పుల్ల తీసుకుంటే రుద్దడం ఆగుతుంది. ఎవరో నవ్వారు. మునసబు తల తిప్పి బ్యాండు వైపు చూశాడు. నా ఎడమ అరచెయ్యి దానంతటదే తోలు మీద పడింది. మొదటి దెబ్బ తప్పింది. రెండోదీ తప్పింది. మూడు నెలలుగా చెవిలో పడిన నాయన దెబ్బ మూడోసారికి దొరికింది. తెర తీసేదాకా వదల్లేదు. అరచెయ్యి కందిపోయింది. మునసబు "సరే, మోగింది" అని మాత్రం అన్నాడు. మాన్యం నిలబడింది.

ఇంటి దారిలో నాయన మీద విరుచుకుపడ్డాను. "చెయ్యి పట్టు తప్పుతా ఉందని ముందే చెప్పకూడదా? పుల్లను చేతికి కట్టేదాన్ని గదా."

"చెయ్యి బాగానే ఉంది. నేనే ఇడిసినా."

నేను దారిలోనే ఆగిపోయాను.

"మునసబు అడిగినాడు గదమ్మీ. నేను కొడతా ఉంటే నువ్వెప్పటికీ సగమే."

"మోగకపోయుంటే?"

"చేను పోయేది. నిన్ను సగంగా ఇడిసిపెట్టి పోయేదానికంటే అదే నయమనుకున్నా."

మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మా నోటికాడి జొన్నల్ని నన్నడక్కుండా పణంగా పెట్టినందుకు కోపం. నన్ను అంత నమ్మినందుకు ఏడుపు. రెండూ ఒక్కసారే వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

నాయన పోయాక కొనకనమిట్ల వైపు నుంచి ఇద్దరు వచ్చి నా దగ్గర నేర్చుకున్నారు. తర్వాత ఇంకొందరు వచ్చారు. అందరికీ ముందు రుద్దడమే నేర్పాను, కొట్టడం నేను కొట్టాను. ఒక్కొక్కరి ముందూ పుల్ల వదిలేసే రోజు వచ్చేది. ఆ రోజు నా చెయ్యి వణికేది. మా నాయన చెయ్యి వణకడం నేను చూడలేదు.