వీర్రాజు గారి తోటలో వాటికన్

చరిత్రలో దేశాల మీద దండెత్తినవాళ్ళు బోలెడుమంది. ఒక దేశాన్నే మోసుకొచ్చి ఊరి మీద పడేసింది మాత్రం, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. ఆ పుణ్యానికి నా గొంతు పోయింది, చెప్పు తెగింది, ఉద్యోగం ఊడినంత పనయింది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివర్లో సంగతి. మాది రామచంద్రపురం. బీఈడీ అవగానే ముక్తేశ్వరం దగ్గర ఒక పల్లెలో ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. రోజూ కోటిపల్లి దాకా బస్సు, రేవులో పంటెక్కి గోదావరి దాటడం, అవతల ఆటో. మా నాన్నగారికి ఇది సుతరామూ ఇష్టం లేదు. "దసరా దాకా చూస్తానమ్మా. ఈలోగా ఉద్యోగం ఖాయం చేసేరా, సరే. లేదా, మానేసి ఇంట్లో కూర్చో" అన్నారు. నాకు ఇంట్లో కూర్చోవాలని లేదు. అన్నం మానేసి, మాట మానేసి, మా అమ్మ చేత రాయబారాలు నడిపించి సంపాదించుకున్న ఉద్యోగం అది. పోగొట్టుకుంటే మళ్ళీ రాదు.

దసరాకి చూసి ఖాయం చేస్తానన్నది కరస్పాండెంటు వీర్రాజు గారు. బడి ఆయనదే, బడి వెనక కొబ్బరితోటా ఆయనదే. కొత్త టీచరు పాఠం చెబుతుంటే కిటికీ అవతల నిలబడి వినడం ఆయన అలవాటు. పక్కతోట ఆయన తమ్ముడు బుల్లబ్బాయి గారిది. రెండు తోటల మధ్య గట్టు గురించి అన్నదమ్ములకి ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఈ సంగతి ఊళ్ళో కోళ్ళకి కూడా తెలుసు. నాకు తెలియదు. నాకు డాన్యూబు నది ఏయే దేశాల్లోంచి పారుతుందో తెలుసు.

ఆ రోజు పదో తరగతికి ఐరోపా చెబుతున్నాను. కిటికీలో వీర్రాజు గారి తెల్ల చొక్కా కనబడింది. నాకు హుషారు పుట్టింది.

"ప్రపంచంలో అన్నిటికంటే చిన్న దేశం వాటికన్. రోము నగరం మధ్యలో ఉంటుంది. కేథలిక్కుల మతగురువు పోప్ గారే దానికి రాజు. దేశం మొత్తం కలిపి నూట తొమ్మిది ఎకరాలు."

ముందు బెంచీలో వెంకటలక్ష్మి లేచింది. "టీచర్ గారండీ, ఎకరాల్లో చెప్పేది తోటలు కదండీ?"

"ఇది దేశమే."

"వరి ఎన్ని పంటలండీ?"

"వరి పండదు."

"కొబ్బరాండీ?"

"కొబ్బరీ పండదు. సగం దేశం పూలతోటలు."

"పోనీ, రొయ్యల చెరువులండీ?"

"చెరువులు లేవు! రైల్వే స్టేషను ఉంది, పోస్టాఫీసు ఉంది, హెలికాప్టరు దిగే చోటుంది, చారల చొక్కాలు వేసుకున్న కాపలా సైనికులున్నారు. అక్కడ పుట్టినంతమాత్రాన ఎవరూ పౌరులు కారు. అక్కడ ఉద్యోగం ఉన్నన్నాళ్ళే పౌరులు. ఉద్యోగం పోతే అదీ పోతుంది."

ఆ ఆఖరి మాట అంటుంటే నా చూపు కిటికీ వైపు వెళ్ళింది. క్లాసు మాత్రం ఒక్క ముక్క నమ్మలేదు. నూట తొమ్మిది ఎకరాల్లో స్టేషనేంటి, హెలికాప్టరేంటి అని వెనక బెంచీలు నవ్వుతున్నాయి. కిటికీ వింటోంది. ఇక ఉండబట్టలేక అనేశాను.

"రేపు మీ చేత వాటికన్ చుట్టూ నడిపిస్తాను. అప్పుడు నమ్ముదురుగాని!"

కిటికీ దగ్గింది. "మంచి ఆలోచనండీ మేడమ్ గారూ. మన తోటలోనే పెట్టుకోండి, ఆయ్" అన్నారు వీర్రాజు గారు.

మర్నాడు పొద్దున్నే సరుగుడు కర్రలకి ఎర్రగుడ్డలు కట్టి, ముగ్గుపిండి బస్తా మోయించుకుని బయల్దేరాం. ముగ్గుపిండి ఎందుకంటారా? అక్కడ పెద్ద చర్చి ముందు మైదానంలో సరిహద్దంటే నేలమీద తెల్లగీతే. నేను ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషిని. అదే నా ఖర్మ.

వీర్రాజు గారి తోట దేశానికి చాల్లేదు. అందుకని వాటికన్ చుట్టుపక్కల తోటల్లోకీ చేలల్లోకీ వ్యాపించింది. కొబ్బరికాయల కొట్టు పెద్ద చర్చి అయింది. పశువుల పాక రైల్వే స్టేషను. ధాన్యం నూర్చే కళ్ళంలో హెలికాప్టరు. చారల చొక్కాలు లేవు కాబట్టి పిల్లలకి తలో కొబ్బరిమట్టా ఇచ్చి కాపలా నిలబెట్టాను. దారిలో ఒక గట్టు అడ్డొచ్చింది. పాములా వంకర్లు తిరిగి ఉంది. నాకు వంకర గీత చూస్తే చిరాకు. తాడు పట్టించి, ఈ చివర నుంచి ఆ చివరకి ముగ్గుపిండితో తిన్నగా గీయించాను. వెనక్కి తిరిగి చూసుకుని మురిసిపోయాను కూడా!

అదే గట్టండీ. అన్నదమ్ముల గట్టు.

కాసేపటికి కొబ్బరికాయల దింపు తీయించడానికి బుల్లబ్బాయి గారు తన తోటకి వచ్చారు. ఎర్రగుడ్డలు చూసి, మట్ట పట్టుకుని నిలబడ్డ వెంకటలక్ష్మిని అడిగారు.

"ఏమ్మా, ఏంటీ కర్రలు?"

"ఇక్కడ రైల్వే స్టేషనండీ. అదిగో, కళ్ళంలో హెలికాప్టరు దిగుతాదండీ. ఈ గీత దాటితే మన దేశం కాదండీ" అంది పిల్ల, కదలకుండా.

ఒక్క ముక్క తప్పు లేదు. పరీక్షలో అయితే పూర్తి మార్కులు వేసేదాన్ని.

కోనసీమకి రైలు వస్తుందని పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న జనం. కర్రకి ఎర్రగుడ్డ కనబడితే సర్వే అనే అనుకుంటారు. నేను అవతల పోస్టాఫీసుకి కర్ర పాతించి తిరిగొచ్చేసరికి సగం ఊరు వాటికన్‌లో ఉంది.

"మేడమ్ గారండీ, మా పాక కాస్త స్టేషను వైపుకి వచ్చేలా గీయించండి. టీ కొట్టు పెట్టుకుంటాం."

"మా తోట వదిలెయ్యండి తల్లీ, కాపు మీదున్న చెట్లండీ!"

"ఇది స్టేషను కాదండీ, వాటికన్!" అని అరిచాను.

"కంపెనీ పేరు ఏదైతే మాకేంటండీ?"

"కంపెనీ కాదండీ, దేశం!"

"విన్నారా? పై దేశం వాళ్ళంట!"

నేను నెత్తి కొట్టుకుంటూ ఉండగా బుల్లబ్బాయి గారు జనాన్ని తోసుకుని వచ్చారు.

"ఆ గట్టు మీద తిన్నగా గీయించిందెవరండీ?"

"నేనేనండీ. వంకరగా ఉంటేనూ..."

"వంకరా! మా అన్నయ్య ఇన్నేళ్ళుగా అంటన్న మాట అదేనండీ! బడి పేరు చెప్పి మా తోటలోకి జరుగుతున్నారన్నమాట!"

అప్పుడే వీర్రాజు గారు వచ్చారు. అన్నదమ్ములిద్దరూ నాకు చెరోపక్క నిలబడ్డారు. కోపంలో కూడా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అంచేత నాతో మాట్లాడారు.

"మేడమ్ గారండీ, గట్టు ఏటేటా ఎవరు జరిపేరో ఆయన్ని చెప్పమనండి" అన్నారు వీర్రాజు గారు.

"ఆయన విన్నారు కదండీ" అన్నాను.

"అయినా మీరు చెప్పండి."

చెప్పాను.

"మేడమ్ గారండీ, మా నాన్నగారు పోయేనాటికి గట్టు ఎక్కడుందో ఆయన్ని గుండె మీద చెయ్యేసుకుని చెప్పమనండి" అన్నారు తమ్ముడు గారు.

అదీ చెప్పాను. అటు తిరిగి చెప్పీ ఇటు తిరిగి చెప్పీ మెడ పట్టేసింది, గొంతు బొంగురుపోయింది, చెప్పు తెగింది. దసరా దగ్గర్లోనే ఉంది. పొద్దున్న నేను బయల్దేరుతుంటే ఇంటి గేటు దగ్గర మా నాన్నగారు అదోలా నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఉద్యోగం ఎలాగూ పోయిందనుకున్నాక నాకు ఏడుపు రాలేదు, మహా కోపం వచ్చింది.

"ఆపండీ! అక్కడ నూట తొమ్మిది ఎకరాలూ ఒక్కాయన చేతిలో ఉన్నాయి. గట్టు గొడవే లేదు. మీకు నాలుగు మూరల నేల కోసం ఇంత రాద్ధాంతమా?"

వీర్రాజు గారు ఆగారు. "నూట తొమ్మిదీ ఒక్కరి చేతిలోనేనాండీ? భూముల సీలింగులో పోలేదాండీ?"

"పోలేదండీ."

బుల్లబ్బాయి గారు అందుకున్నారు. "ఆయన తదనంతరం కొడుకులు పంచుకోరాండీ?"

"పోప్ గారు పెళ్ళి చేసుకోరండీ. కొడుకులుండరు. ఆయన పోతే పెద్ద గురువులంతా ఒక చోట చేరి తలుపులు వేసుకుని ఇంకొకాయన్ని ఎన్నుకుంటారు. తేలేదాకా బయటికి రారు. తేలితే తెల్లపొగ వదులుతారు."

బుల్లబ్బాయి గారు గబుక్కున అన్నగారి వైపు తిరిగారు. "విన్నావా? తేలేదాకా బయటికి రారంట. నీకుందా ఆ ధైర్యం?"

"పదరా!" అన్నారు వీర్రాజు గారు.

ఇద్దరూ కొబ్బరికాయల కొట్టులోకి వెళ్ళి లోపల గొళ్ళెం పెట్టుకున్నారు. లోపల కేకలు. మధ్యలో వాళ్ళ అమ్మగారి పేరు వినబడింది. నేను రాజీనామాలో ఏం రాయాలో ఆలోచిస్తున్నాను. పిల్లలు పాఠం బాగా వంటబట్టి కొట్టు ముందు కొబ్బరిపీచు పోగేసి అగ్గిపుల్ల గీశారు. పీచు తడిది. తెల్లపొగ దేవుడెరుగు, ఊరంతా దగ్గుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ పొగకే కాబోలు, తలుపు తెరుచుకుంది.

"తేలిందాండీ?" అని జనం అడిగారు.

"తేలిందండీ" అన్నారు వీర్రాజు గారు. "గట్టు సంగతి తేలలేదు. తప్పు మాత్రం మేడమ్ గారిదేనని మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది."

"ఆయ్" అన్నారు తమ్ముడు గారు.

నేను సంచీ భుజాన వేసుకున్నాను. వీర్రాజు గారు కొంచెం ఇవతలకి వచ్చి గొంతు తగ్గించారు. "మా వాడు నాతో మాట్లాడేడండీ. తిట్టేడనుకోండి. కానీ నాతోనే మాట్లాడేడు." ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగే అన్నారు, నేనూ పొగే అనుకున్నాను. "దసరాదాకా ఎందుకండీ, ఉద్యోగం ఇవాళే ఖాయం చేస్తన్నాను. ఒక్కటే షరతు. ఇకమీదట చిన్న దేశాల జోలికి వెళ్ళకండి. రష్యా చెప్పండి, చైనా చెప్పండి. అవి మన ఊళ్ళో పట్టవు."

ఆ సాయంత్రం పంటు మీద, గోదావరి సాక్షిగా, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ప్రమాణం చేశాను. బతికుండగా ఏ దేశాన్నీ మ్యాపులోంచి కిందికి దింపను. కోనసీమలో గట్టు ఎంత వంకరగా ఉన్నా, దానంత అందమైన గీత లోకంలో ఇంకోటి లేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాను.