తిప్పని బిరడా

మా హైస్కూలు వార్షికోత్సవంలో నేను కుళ్ళుతో తంబురా శ్రుతి చెడగొట్టానని కమల ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. నిన్న కొత్తపేటలో పెళ్ళివారింట తంబురా కనపడగానే మళ్ళీ అందుకుంది. కుళ్ళు మాత్రం నిజం. చెడగొట్టడం పచ్చి అబద్ధం.

మా స్కూల్లో మధ్యాహ్నం దాకా లెక్కలూ ఇంగ్లీషూ, ఆ తరవాత సంగీతం. లెక్కల్లో నేనే ఫస్టు. పాట మాత్రం ప్రతిసారీ కమలకే ఇచ్చేవారు సంగీతం మాస్టారు. నా చేతికి తంబురా ఇచ్చి, “చెవి ఉన్నవాళ్ళకే ఇది ఇస్తానమ్మా,” అనేవారు. పాడలేనిదాన్ని బుజ్జగిస్తున్నారనుకుని, ముందు కూర్చున్న కమల జడలోని కనకాంబరాల్ని కళ్ళతోనే కాల్చేదాన్ని.

వార్షికోత్సవం రోజు చరణం ఎత్తుకోగానే కమల గొంతు శ్రుతి దాటింది. తడబడి ఆగిపోయి, నా వంక చూసింది. వెంటనే పందిరంతా నా వంకే చూసింది.

“తీగెలు వదులు చేసేసిందండీ ఈ పిల్ల! కుళ్ళండీ,” అంది ముందు వరసలోంచి కమల మేనత్త.

“ఆయ్, మొహం చూస్తే తెలియట్లేదాండీ,” అంది పక్కావిడ.

మాస్టారు వచ్చి తంబురా అందుకున్నారు. తీగెలు బిగించే బిరడాల మీద వేళ్ళు ఆనించారు. ఒక్కటీ తిప్పలేదు. పక్కనే ఉన్న నేను చూశాను. ఒకసారి మీటి, “ఇప్పుడు సరిపోయిందమ్మా, పాడు,” అన్నారు కమలతో. అది హాయిగా పాడేసింది. చప్పట్లు మోగాయి.

ఆయన మాట బుజ్జగింపు కాదని పెద్దయ్యాక తెలిసింది. శ్రుతి నిలిపే చెవి ఉన్నవాళ్ళకే తంబురా ఇస్తారట. సరే మాస్టారూ, కమల పాట నిలబెట్టడానికి నింద నా ఒళ్ళో పెట్టేరు. ఇంటికి వెళ్ళేటప్పుడైనా ‘తప్పు నీది కాదమ్మా’ అని నాకెందుకు చెప్పలేదు?